పరదకు పెట్టిన గంజి

మా ఆయన కట్టిన చీరనే నేను కట్టుకుని స్టేజి ఎక్కాను. ఈ మాట చెప్పగానే ఎవరైనా నవ్వుతారు. నవ్వితే నవ్వండి, నాకిప్పుడు కొత్తగా పోయే పరువేమీ లేదు. మా బాపు, అంటే నాన్న, నడిపే నాటకాల కంపెనీలో రాణి వేషం మా ఆయనదే. సన్నని నడుము, సన్నని గొంతు, నన్ను మించిన సిగ్గు. నూలు దొరకక మగ్గాలు ఆగిపోయిన ఏడు, దసరాకు వస్తానని చెప్పి బీమండి మిల్లుకు పోయాడు. ఆ దసరాకు రాలేదు, మరుసటి దసరాకూ రాలేదు. ఇంట్లో ఆయనవి మిగిలినవి రాణి చీర, తగరపు కిరీటం, సవరం, నేను. బాపు ముందుగా చూసుకున్నది సవరం భద్రంగా ఉందా లేదా అని.

వేములవాడకు పోయే దారిలో మాది సాలెవాళ్ళ ఊరు. కంపెనీ అంటే పెద్ద పెద్ద సెట్టింగులూ తెరలూ అనుకోవద్దు. పగలు మగ్గం గుంటలో కూర్చున్నవాళ్ళే రాత్రి రాజులు, మంత్రులు. బాపు నేస్తూ పాడేవాడు. కాలి కింద మగ్గం పావుకోళ్ళు లేస్తూ పడుతూ ఆయనకు తాళం వేసేవి. రాగం పైకి పోయి ఒకచోట నిలబడితే చేతిలో అటూ ఇటూ తిరిగే నాడె కూడా నిలబడిపోయేది. లోపలినుంచి మా అమ్మ, మేము అవ్వ అంటాం, బట్ట నేస్తున్నావా రాగం నేస్తున్నావా అని అరిచేది. నేను రాట్నం ముందు కండెలు చుడుతూ కూర్చునేదాన్ని. నాకెవరూ ఒక్క పద్యం నేర్పలేదు, అన్నీ అట్లాగే చెవిన పడి నోటికి వచ్చేశాయి. రాణి వేషానికి మనిషి లేక బాపు తల పట్టుకున్న రోజు నేను రాట్నం తిప్పుతూనే రాణి పద్యాలు మొదటినుంచి చివరిదాకా పాడాను. ఆయన చాలాసేపు నా మొహం చూడలేదు. తరువాత శ్రుతి కొంచెం తగ్గించాలన్నాడు. అంతే, ఆ మాటతో నేను కంపెనీ మనిషినయ్యాను.

వాడకట్టు ఊరుకుంటుందా? మొగుడు వదిలేస్తే రంగు పూసుకుంది అన్నారు. రంగు పూసుకుంటే కూడు దొరుకుతుందేమో మీరు కూడా పూసుకోండి అని నేనూ అన్నాను. అవ్వ మాత్రం ఒక పూట అన్నం మాని ఏడ్చింది. అసలు అప్పుడు మానడానికి అన్నమంటూ ఏముంది కనుక.

వరసగా రెండేళ్ళు వానలు లేవు. అరవైల నడుమ ఆ కరువును చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు, చూడనివాళ్ళకు చెప్పినా తెలియదు. సొసైటీకి నూలు రావడం లేదు, వచ్చినా ధర ముట్టుకునేటట్టు లేదు. ఊళ్ళో ఒకరిద్దరు ఉన్నవాళ్ళు కరెంటు మగ్గాలు, మేము సాంచలు అంటాం, అవి తెచ్చి పెట్టుకున్నారు. మూలిగే నక్క మీద తాటికాయ పడినట్టు చేతి మగ్గాల వాళ్ళకు ఉన్న ఆ కాస్త పనీ పోయింది. జాతరలకు పిలిచి ఆడించిన ఊళ్ళే మమ్మల్ని చూసి తలుపు దగ్గరికి వేసుకోవడం మొదలుపెట్టాయి. పిలిస్తే భోజనం పెట్టాలి కదా. కంపెనీలో సగం మంది బీమండికి, షోలాపూరుకు పోయారు. హార్మోనియం వాయించే ఆయన పెట్టెతో సహా పోయాడు.

అటువంటప్పుడు బోథ్ దిక్కునుంచి కబురు వచ్చింది. అక్కడ ఒక జిన్నింగు మిల్లు సేటు ఉన్నాడు. వెనక ఎప్పుడో బాపు పద్యం విన్నవాడు. పత్తి తీసే కూలీలు వలస పోకుండా ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆటలు ఆడించాలని ఆయన ఆలోచన. ముందు ఒక ఊళ్ళో ఒక ఆట ఆడాలి. జనం మంగళం దాకా కూర్చుంటే పత్తి అయ్యేవరకు మమ్మల్ని ఊరూరా తిప్పుతాడు, మా అందరి ఇళ్ళకు గింజలు పంపుతాడు. జనం మధ్యలో లేచిపోతే మా దారి మాది. సేటు దాపరికం లేకుండా ఇంత మాటా చెప్పి పంపాడు. కంపెనీలో మిగిలిన అయిదారు ఇళ్ళ పొయ్యిలు ఆ ఒక్క ఆట మీద ఆధారపడ్డాయి.

ఇంకో మాట కూడా ఆ కబురులోనే ఉంది. గ్యాసునూనె దొరకడం లేదు, పెట్రమాసు లైట్లు వెలగవు, కాబట్టి ఆట పగలే ఆడాలి. మేమెన్నడూ పగలు ఆడలేదు. రాత్రి పెట్రమాసు వెలుగులో మా పాత పరద రాజు కొలువులాగా కనిపించేది. పగలు దానిని దండెం మీద వేసి చూస్తే మాసికల మీద మాసికలు. బాపు దాని ముందు నిలబడి, దీనితో రాజును కాదు, ముష్టివాణ్ణి కూడా చూపించలేమన్నాడు. తన వంతుకు వచ్చిన ఆఖరి నూలుతో కొత్త పరద నేయడానికి కూర్చున్నాడు. ఆ నూలు తువ్వాలలైతే సంతలో గింజలయ్యేవి. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందని అవ్వ తిట్టింది. ఆయన వినలేదు.

ఇక్కడ గంజి సంగతి చెప్పాలి. మా ఇళ్ళలో గంజి ముందు పడుగు తాగుతుంది, మిగిలింది మనుషులు తాగుతారు. పడుగుకు గంజి పట్టకపోతే పోగు తెగుతుంది, పోగు తెగితే ఇల్లు గడవదు. అందుకని ఎంత లేని రోజైనా వంట చేసేటప్పుడు మగ్గానికి ఒక ముంత తీసి పక్కన పెట్టడం అలవాటు. ఆ ఏడు అవ్వ పెట్టిన ముంతలో నీళ్ళే తప్ప గంజి లేదు. పరద నేయడం పూర్తయ్యేసరికి పోగులు తెగీ తెగీ బాపు వేళ్ళు కాయలు కాచాయి, బట్ట మాత్రం తడిసిన తువ్వాలలాగా వాలిపోయింది. నేసిన తరువాత మళ్ళీ చిక్కటి గంజి పట్టించి ఎండబెడితే తప్ప పరద నిటారుగా నిలబడదు. బాపు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి పిడికెడు గింజలు అడిగాడు.

"మడుసులకే లేదు, నీ గుడ్డకు యాడికెల్లి తేవాలె?" అంది అవ్వ.

ఆయన పరదను ఉన్నదున్నట్టు మడిచి పెట్టెలో పెట్టాడు. సాలెవాడు గంజి పెట్టని బట్టను నలుగురి ముందు పెట్టడమంటే బట్ట లేకుండా నలుగురిలో నిలబడడమే. ఆ సిగ్గు మా వాళ్ళకు తప్ప ఇంకొకరికి అర్థం కాదు.

హార్మోనియానికి కరీంనగరులో మిషను బడి సారు దొరికాడు. ఆదివారం ప్రార్థనలో పాటలకు వాయించే మనిషి. నిదానస్థుడు, నవ్వినా పెదవి దాటదు. ఆట అయిపోగానే బయలుదేరాలి, ఆదివారానికి పెట్టె ప్రార్థన గుడిలో ఉండాలి అని ఒక్కటే షరతు పెట్టాడు. బాపును అన్నా అనేవాడు. మా పద్యాలు ఆయనకు కొత్త, అయినా రెండుసార్లు వింటే పట్టేసేవాడు.

నిర్మల్ దాకా బస్సు, అక్కడినుంచి ఘాటు దాటడానికి సేటు పంపిన బండ్లు. దారి పొడుగునా పత్తి చేలు మోకాలు ఎత్తు కూడా లేవు. చెట్లకు ఆకులు లేవు, గొర్లకు మేత లేదు. మరునాడు పొద్దు కొంచెం ఎక్కేసరికి ఊరు చేరాం. ఊరి మధ్య మైదానంలో సేటు మనుషులు బల్లలు వేసి స్టేజి కట్టి ఉంచారు. దాని పక్కనే గంజి కేంద్రం. ఊరివాళ్ళే నలుగురు కలిసి నడుపుతున్నారు, పెద్ద గుండిగలో ఎర్రజొన్నల గంజి ఉడుకుతోంది. ముంతలు, సత్తు గిన్నెలు పట్టుకుని ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు వరసగా కూర్చున్నారు. అక్కడ మాట్లాడేవాళ్ళు లేరు, గుండిగలో కట్టె తిప్పుతున్న చప్పుడే వినిపిస్తోంది.

పరద కట్టి చూశాం. గాలి లేకపోయినా అది ముడుచుకుపోయింది. ఎండలో పోగు పోగుకు నడుమ సందు కనిపిస్తోంది, వెనక పెట్టెలు సర్దుకుంటున్న మేమూ కనిపిస్తున్నాం. బాపు మైదానం మధ్యలోకి పోయి అక్కడినుంచి చూశాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన చూపు గుండిగ మీద పడింది. ఆయన మొహం తేటపడడం నేను చూశాను. గంజిని చూస్తే సాలెవాడికి మగ్గం గుర్తుకు వస్తుంది, ఆయన తప్పు అంతే. ఎన్ని పూటలు పస్తున్నా ఆ అలవాటు పోలేదు.

గంజి పోస్తున్న పటేలు దగ్గరికి పోయి, జర ఒక కుండెడు గంజి ఇప్పించమని అడిగాడు. ఎందుకని పటేలు అడగలేదు, బాపు చెప్పలేదు. మా డొక్కలు చూస్తే ఎందుకో అడగవలసిన పని ఎవరికైనా ఉంటుందా?

"కళాకారులు, దూరంకెల్లి వచ్చిన్రు. ముందుగాల వాళ్ళకు పొయ్యుండ్రి," అన్నాడు పటేలు పక్కవాళ్ళతో, వరస దిక్కు చూసి. ఒక్కరూ కాదనలేదు. ఇద్దరు ఆడవాళ్ళు పక్కకు జరిగి దారి కూడా ఇచ్చారు.

బాపు ఆ కుండ ఎత్తుకొచ్చి, మైదానంలో చాప పరిచి, పరద దాని మీద వేసి, గంజిని పంచెలో వడగట్టి, కుంచెతో పట్టించడం మొదలుపెట్టాడు. ఆయన ఎంతో శ్రద్ధగా చేశాడు. ఒక అంచునుంచి ఇంకో అంచుకు, మడత పడకుండా, ఉండ కట్టకుండా, పండుగ పూట ముగ్గు వేసేటప్పుడు చూపించే ఓపిక అది. మా వాళ్ళు ఇద్దరు అంచులు పట్టుకున్నారు. నేను రాణి చీర మడతలు తీస్తూ ఉన్నాను. మాలో ఒక్కరికైనా ఇది తప్పని తట్టలేదు. సారు ఒక్కడే హార్మోనియం తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయాడు. వరస దిక్కు చూశాడు, బాపు దిక్కు చూశాడు, ఏదో అనబోయి తల దించుకున్నాడు. ఆ వేళకు గంజి సగం బట్టకు పట్టేసింది.

ఎండకు పరద తొందరగా ఆరింది. ఎర్రజొన్న రంగు దిగి లేత ఇటుక వన్నె వచ్చింది. లేపి కడితే చెక్కలాగా నిలబడింది. వెనక మనిషి ఉన్నాడో లేడో తెలియడం లేదు. బాపు దాన్ని వేలితో కొట్టి చప్పుడు విని, ఇగ ఫికర్ లేదన్నాడు.

మధ్యాహ్నం పొద్దు కొంచెం వాలగానే ఆట మొదలైంది. మైదానం నిండింది. సేటు ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పటేలు వచ్చాడు కానీ కూర్చోకుండా ఒక పక్కన నిలబడ్డాడు. బాపు రాజు వేషంతో వచ్చి మొదటి పద్యం ఎత్తుకున్నాడు. అంత బాగా ఆయన పాడగా నేనెప్పుడూ వినలేదు. మామూలుగా ఆ పద్యానికి వన్స్‌మోర్ కేకలు రావాలి. చప్పట్లు కూడా లేవు. జనం ఆయన్ని చూడడం లేదు, ఆయన వెనకున్న పరదను చూస్తున్నారు. ఇద్దరు పిల్లలు స్టేజి పక్కకు వచ్చి పరద అంచును తాకి, వేలు నోట్లో పెట్టుకుని చూశారు. అది చూశాక తెలిసింది మేమేం చేశామో. బాపుకు ఇంకా తెలియలేదు. ఆయన జనం పాటలో మునిగిపోయారనుకున్నాడు.

ఆ ఆట కథ కూడా కరువు కథే, బాపు మా ఊరి పంతులుతో రాయించుకున్నది. రాజ్యంలో వానలు పోతాయి, రాజు యజ్ఞాలు చేసి ఖజానా ఊడ్చేస్తాడు. రాణి చివరికి తన వంతు గంజిని వాకిట్లో కూర్చున్న ముసలివాడికి పోసి తాను పస్తుంటుంది. మా ఆయన ఆ ఘట్టంలో ఎప్పుడూ జనాన్ని ఏడిపించేవాడు. నేను చెంబు పట్టుకుని పరద పక్కనుంచి వచ్చాను. ముసలివాడి వేషం కట్టినతను దోసిలి పట్టాడు. నేను వంగి చెంబు వంచి, ఇది నా వంతు తాతా, నీవే తాగు అనే పద్యం ఎత్తుకున్నాను.

పద్యం సగంలో ఉండగా జనంలో ఒక ముసలామె లేచి నిలబడింది. చేతిలో ముంత ఉంది. కేక వేయలేదు, తిట్టలేదు. ఇంటి ముందుకు వచ్చిన పక్కింటామెతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"రాణమ్మా, నీ చెంబుల ఏం లేదు, నాకెరుకే. గంజి మీ పరద తాగింది. పొద్దుగాల నేను ఆఖర్ల కూసున్న, నా దాంక రాలే."

చెప్పవలసింది చెప్పి, ముంత కొంగులో పెట్టుకుని నడిచిపోయింది. ఆమె వెనక ఆమె వరస లేచింది. తరువాత వెనక వరస. రాళ్ళు వేయలేదు, ఈలలు వేయలేదు. పిల్లలను చంకనెత్తుకుని, గొంగళ్ళు దులుపుకుని, చావు ఇంటినుంచి పోయినట్టు పోయారు. నేను చెంబు వంచుకునే నిలబడ్డాను. బాపు తన ఘట్టం కోసం పక్కన నిలబడి అంతా విన్నాడు. అయినా రాజు వచ్చే వేళకు వచ్చి తన పద్యం ఎత్తుకున్నాడు. ఎందుకు పాడాడో నాకు తెలియదు, బహుశా నోరు దానంతట అదే పాడి ఉంటుంది. ఆయన ఆ పద్యం ముగించేసరికి మైదానంలో తన కుర్చీలో సేటు, పటేలు, రెండు కుక్కలు మిగిలారు.

నాకు ఆ ముసలామె మీద కోపం వచ్చింది. దాచుకునేదేముంది, ఇప్పటికీ ఆ కోపం పూర్తిగా పోలేదు. ఆమె అబద్ధం చెప్పి ఉంటే ఎప్పుడో మరచిపోయేదాన్ని.

సేటు లేచి బాపు భుజం మీద చేయి వేశాడు. బాగా పాడావన్నాడు, కానీ ఈ ఊళ్ళలో ఇక నిన్ను తిప్పలేనన్నాడు. ఈ కబురు బండ్ల కన్నా ముందు నడుస్తుందన్నాడు. అది నిజమే. బాపు పటేలు దగ్గరికి పోయి రెండు చేతులూ పట్టుకున్నాడు. పటేలు కోప్పడలేదు, నేను అడగకపోతిని అని తనను తాను అనుకున్నాడు. ఆ మాటకు బాపు ఇంకా కుంగిపోయాడు.

ఆట మొదలుపెట్టాక మంగళం పాడకుండా మొహం కడగకూడదని మా కంపెనీలో నియమం. రంగు పూసుకున్నవాడు మంగళం దాకా వేషగాడే, తన ఇంటివాడు కాడు. సారు పెట్టె దగ్గర కూర్చుని మంగళం స్వరం అందించాడు. బాపు చేయి ఎత్తి ఆపాడు.

"ముందట మనిషి లేడు సారూ. ఎవలకు పాడాలె మంగళం?"

మిగిలినవాళ్ళం నోట్లోనే గొణుక్కుని, బావి దగ్గర మొహాలు కడుక్కున్నాం. బాపు కడగలేదు. కిరీటం తీశాడు, మీసం తీశాడు, రంగు మాత్రం ఉంచుకున్నాడు. అట్లాగే బండి ఎక్కాడు, నిర్మల్‌లో అట్లాగే బస్సు ఎక్కాడు. బస్టాండులో జనం వెంటపడ్డారు. కండక్టరు ఏ ఊరి పగటివేషగాడివని అడిగాడు. పగటివేషగాళ్ళంటే మా బాపుకు చిన్నచూపు, ఇంటింటికీ తిరిగి అడుక్కునేవాళ్ళని. ఆ రోజు మాత్రం అవునన్నట్టు తల ఊపాడు. సారు వచ్చి ఆయనకూ జనానికీ నడుమ కూర్చుని, తన తువ్వాలను ఆయన తల మీద కప్పాడు. కరీంనగరులో దిగేటప్పుడు సారు, అన్నా నీకోసం ప్రార్థన చేస్తానన్నాడు. నాకు కాదు సారూ, గా ముసలామెకు చెయ్యి అన్నాడు బాపు.

మరునాడు మేము ఇల్లు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. మా వాడకట్టులో ఒక్క మగ్గం కూడా ఆడడం లేదు. చెమటకు రంగు కరిగి బాపు మెడ మీదికి కారింది. అవ్వ గుమ్మంలో నిలబడి ఆయన్ని చూసింది. ఆట ఎట్లా అయిందని అడగలేదు, గింజల మాట ఎత్తలేదు.

"మంగళం కాలేదా?" అంది.

"కాలే," అన్నాడు బాపు. గడప ఇవతలే నిలబడిపోయాడు.

పెళ్ళయిన నాటినుంచి ఆయన పాటను తిట్టిన మనిషి మా అవ్వ. మా కంపెనీ ఆట ఒక్కటి కూడా కూర్చుని చూడలేదు. లోపలికి పోయి ఇత్తడి పళ్ళెంలో పసుపు నీళ్ళు తెచ్చింది. దీపానికి నూనె లేదు, కర్పూరం లేదు. పళ్ళెం ఎత్తి పట్టి, బాపు మంగళాన్ని బాపు రాగంలోనే, ఒక్క చరణం కూడా వదలకుండా పాడింది. గొంతు పగిలిపోయింది, అయినా ఆపలేదు. ఎదురింటివాళ్ళు తలుపులు తీసి చూశారు. నేను గోడకు ఆనుకుని ఏడ్చాను.

బాపు తొట్టి దగ్గర కూర్చుని మొహం కడుక్కున్నాడు. తరువాత ఆయన ఎన్నడూ రంగు పూసుకోలేదు. ఆ నెలలోనే మిగిలినవాళ్ళు కూడా బీమండి బాట పట్టారు, బాపు సాంచల షెడ్డులో కూలికి చేరాడు, రాణి చీరను అవ్వ చింపి నా చెల్లెలికి ఓణీ కుట్టించింది. కంపెనీ సంగతి ఎవరైనా ఎత్తితే బాపు లేచి బయటికి పోయేవాడు. దాని గురించి ఆయన నోరు విప్పింది ఒక్క ఆ మధ్యాహ్నమే. అవ్వ అందించిన తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని అన్నాడు:

"ఆట బాగలేక లేచిపోతే ఓర్సుకుందును. ఆకలికి లేచిపోయిన్రు. నేను పాడుతనే ఉన్న."